అన్నం మీద అక్షరాలు

ఆ ఉదయం నేను ఏ అక్షరాన్ని చూస్తే ఆ అక్షరమే కనబడకుండా పోయింది.

వర్షాలు మొదలైన వారం అది. తార్నాక దగ్గర యూనివర్సిటీ క్యాంపస్‌లో, ఒక ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో నేను వంట చేస్తాను. పొద్దున ఐదున్నరకు టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టే ముందు, మేం ముగ్గురం ఆడవాళ్ళం పది నిమిషాలు బైబిల్ చదువుకుంటాం. చదివేది నేనే. ఆ రోజు పుస్తకం తెరిచి మొదటి వరుస మీద చూపు పెట్టాను. చుట్టూ ఉన్న అక్షరాలన్నీ ఉన్నాయి. నేను చూస్తున్న చోట మాత్రం బూడిదరంగు మచ్చ ఉంది, ఎవరో తడి వేలితో చెరిపినట్టు. చూపు కొంచెం పక్కకు జరిపాను. పోయిన అక్షరం తిరిగి వచ్చింది, ఇప్పుడు చూస్తున్నది పోయింది. పుస్తకం నాతో దాగుడుమూతలు ఆడుతున్నట్టుంది.

పొగ పట్టిందేమోనని లేచి కళ్ళు కడుక్కుని వచ్చాను. మచ్చ అక్కడే ఉంది.

"ఏందక్కా, మీ దేవుడు ఇయ్యాల మాట్లాడ్తలేడా?" అంది బాలమ్మ. బాలమ్మ మాలో పెద్దది. ఆమెది మల్లన్నను కొలిచే ఇల్లు. అయినా రోజూ మాతో కూర్చుంటుంది. "మా మల్లన్నకు చెప్పే వస్తున్న, ఆయనకేం కోపం లేదు" అంటుంది.

"మాట్లాడ్తుండు, నువ్వు జర ఊకో" అన్నాను.

అదృష్టమో దురదృష్టమో, ఆ రోజు వచ్చింది గొర్రెల కాపరి కీర్తన. అది నాకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. పుస్తకం మీద వేలు జరుపుతూ చూడకుండానే చెప్పేశాను. ఎవరికీ తెలియలేదు. నా అబద్ధం అక్కడ మొదలైంది.

ఈ అబద్ధం ఎందుకు చెప్పానో అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై తొమ్మిదేళ్ళ వయసులో. అంతకు ముందు అందరిలాగే బైబిల్ సంచిలో పెట్టుకుని చర్చికి వెళ్ళేదాన్ని. అందరూ తెరిచినప్పుడు నేనూ ఏదో ఒక పేజీ తెరిచేదాన్ని. బస్సు బోర్డు చదవమని ఎవరినైనా అడగాల్సి వస్తే, "అద్దాలు ఇంట్ల మర్చిపోయిన" అనేదాన్ని. నాకు అప్పుడు అద్దాలే లేవు. మా సంఘం పాస్టరమ్మ ఆదివారం మధ్యాహ్నాలు కూర్చోబెట్టి రెండేళ్ళు ఓపిగ్గా నేర్పింది. నాకు నేనుగా మొదట చదివింది మెస్‌లో బియ్యం బస్తా మీద రాసిన మాట. చదివి, ఆ బస్తా మీదే కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత మెస్‌లో సంతోషమ్మ అనే నా పేరు పోయింది. అందరికీ "చదివే అక్క"ను అయ్యాను.

మా పద్ధతి చాలా చిన్నది. ఏ రోజు ఏ భాగం చదవాలో చర్చిలో నెలకోసారి పట్టిక ఇస్తారు. చదవడం అయ్యాక నేను అడుగుతాను, "మరి ఇయ్యాల దీంతోని ఏం జేస్తం?" అని. ఒక్కొక్కరు ఒక పని చెప్పాలి. అది సాయంత్రంలోగా అయ్యేది కావాలి. చేశారో లేదో మర్నాడు చెప్పాలి. నాలుకను అదుపులో పెట్టుకోమనే భాగం వచ్చిన రోజు, "ఇయ్యాల సూపర్‌వైజర్‌ని తిట్ట" అంది బాలమ్మ. మర్నాడు అడిగితే, "పొద్దుగాల పది దాకా తిట్టలే. తర్వాత వాడే నా నోట్లె వేలు పెట్టిండు" అంది. నేను చదివిన మాటతో ఒక మనిషి పది గంటల దాకా నోరు కట్టుకుంది. నాకు అది గొప్పగా ఉండేది. మళ్ళీ చదువురాని దాన్ని అయిపోతానేమో అన్న భయంతోనే, కనబడటం లేదని ఎవరికీ చెప్పలేదు.

నాకు పదకొండేళ్ళుగా షుగర్ ఉంది. కళ్ళు చూపించుకోమని ఎప్పుడో ఒక డాక్టర్ చెప్పారు. తార్నాకలో ఒక షాపులో అద్దాలు చేయించుకుని, చూపించుకున్నట్టే అనుకున్నాను.

వానలు తగ్గేసరికి కిటికీ ఊచలు మధ్యలో వంగినట్టు కనబడసాగాయి. మనుషుల ముఖాల్లో ముక్కు ఉండేది కాదు. మా అమ్మాయి సునీత నాతోనే ఉంటుంది, జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. "అమ్మా, బియ్యంల రాళ్ళు వస్తున్నయి. నీకు కనబడ్తలేదా ఏంది?" అంది ఒకరోజు. "అద్దాలు పాతగైనయి" అన్నాను. అది నాకు అలవాటైన మాట.

పొద్దున వచ్చే భాగం తెలిసినదైతే నోటికి చెప్పేదాన్ని. తెలియనిదైతే, నలభై ఏళ్ళు చర్చిలో విన్న మాటల్లోంచి ముక్కలు తీసి అతికేదాన్ని. పట్టికలో ఏముందో కూడా నాకు కనబడటం లేదు. వాళ్ళిద్దరూ తలలు వంచుకుని వినేవాళ్ళు.

చలి మొదలయ్యాక ఒక ఉదయం సుగుణ ఉబ్బిన కళ్ళతో వచ్చింది. సుగుణ మాలో చిన్నది. సీతాఫల్‌మండిలో ఉంటుంది, భర్త ఆటో నడుపుతాడు. ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఆమెను అమ్మమ్మ దగ్గర వదిలేసి, ఇంకొకాయనతో భివండీ వెళ్ళిపోయింది. మళ్ళీ మొహం చూపించలేదు.

"అక్కా, మా అమ్మొచ్చిందంట" అంది సుగుణ. "కిడ్నీలు పాడైనయంట. సికింద్రాబాద్‌ల సర్కార్ దవఖానల ఉన్నది. ఒక్కసారి వచ్చిపొమ్మని మనిషితోని చెప్పి పంపింది. పోవాల్నా వద్దా నాకు సమజైతలేదు. రాత్రంతా ఆలోచన చేసిన. ఇయ్యాల వాక్యం ఏమొస్తే అట్లనే చేస్తా."

మా చర్చివాళ్ళలో చాలామంది ఇలాగే చేస్తారు. దారి తోచనప్పుడు, ఆ రోజు వంతుకు వచ్చిన భాగాన్ని జవాబుగా తీసుకుంటారు.

నేను పుస్తకం తెరిచాను. పేజీ మధ్యంతా బూడిద. అంచుల్లో మాత్రం చీమల బారుల్లాంటివి కదిలాయి. ఆ నిమిషంలో "సుగుణా, నాకు కనబడ్తలేదు" అని ఉంటే సరిపోయేది. ఆ తల్లి మీద నాకు ఎప్పటి నుంచో కోపం ఉంది. సుగుణ పెళ్ళిలో తల్లి కూర్చోవాల్సిన చోట కూర్చున్నది నేను. ఆ కోపమే చర్చి గొంతు తెచ్చుకుని మాట్లాడింది. విడిచిపోయినవారి వెంట వెళ్ళవద్దని, వెనక్కి తిరిగి చూడవద్దని, నీ వాకిలి నువ్వు కాచుకోమని చదివాను. అలాంటి భాగం బైబిల్‌లో ఎక్కడా లేదు.

సుగుణ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే. పోను" అని కత్తిపీట ముందుకు లాక్కుంది.

బాలమ్మ నా వైపు చూసింది. ఆమె ముఖం నాకు కనబడలేదు కానీ, చూసిందని తెలిసింది.

నాలుగో రోజు పెద్ద గంజు మూత తీశాను. ఆవిరి పోయాక తెల్లటి అన్నం మీద రాత ఉంది.

నల్లటి అక్షరాలు. వరుసలు వరుసలుగా, అచ్చు వేసినంత శుభ్రంగా. పైన తలకట్లు, కింద వొత్తులు, అన్నీ తెలుగులాగే ఉన్నాయి. కానీ అందులో నేను నేర్చుకున్న అక్షరం ఒక్కటీ లేదు. ఇన్ని నెలలుగా పుస్తకంలో ఒక్క అక్షరం సరిగా కనబడని నాకు, ఆ అన్నం మీదవి గుండుసూది మొనంత స్పష్టంగా కనబడ్డాయి. గరిటె పెట్టి కలిపాను. అన్నం కదిలింది, అక్షరాలు కదలలేదు.

"అక్కా, గంజులకు ఏం జూస్తున్నవ్? బల్లి గిట్ల పడ్డదా?" అంది సుగుణ.

"ఏం లే" అన్నాను. ఆమె వైపు తిరిగితే ఆమె నుదుటి మీద కూడా రెండు వరుసలు ఉన్నాయి.

ఆ తర్వాత ఎక్కడ పడితే అక్కడ వచ్చాయి. మెస్ గోడ మీద, ఇడ్లీ పాత్ర మూత మీద, పాస్టర్ గారి తెల్ల చొక్కా మీద. ఎప్పుడొస్తాయో తెలియదు. కాసేపుండి పోయేవి. అవి ఉన్నంతసేపూ చుట్టూ ఏ చప్పుడూ మారేది కాదు. పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరుసలో నవ్వుకుంటూనే ఉండేవారు, సూపర్‌వైజర్ అరుస్తూనే ఉండేవాడు. ఆ గోడ నాకు తప్ప ఎవరికీ పనికి రానట్టు నా ఒక్కదాని వైపే రాసుకుంటూ ఉండేది.

ఒకరోజు పొద్దున్నే తార్నాక వైపు గేటు నుంచి నడిచి వస్తున్నాను. మంచు పట్టి ఉంది, చెట్ల కింద దీపాలు ఇంకా ఆరలేదు. తారు రోడ్డు మీద నా కాళ్ళ ముందు అక్షరాలు పరుచుకున్నాయి. నల్లటి రోడ్డు మీద తెల్లగా. కాలికి కాగితం ముక్క తగిలినా కళ్ళకద్దుకునే దాన్ని, ఆ రాతను ఎలా తొక్కను? పక్కకు జరిగాను. అవీ జరిగాయి. ఇంకా పక్కకు జరుగుతూ రోడ్డు మధ్యలోకి వచ్చేశాను. పాల ఆటో చెవి పక్క నుంచే పోయింది. "సావనీకొచ్చినవా అమ్మా!" అని అరిచాడు అతను. నేను చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, వేళ్ళ మీద నడుస్తూ ఖాళీలు వెతుక్కుంటూ మెస్‌కు చేరాను.

దానియేలు గ్రంథంలోని సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. రాజు విందు చేసుకుంటుంటే ఒక చెయ్యి వచ్చి గోడ మీద రాస్తుంది. ఎవరూ చదవలేరు. ఆ రాత అర్థం ఆ రాజుకు తీర్పు. నాకు అదే జరుగుతోందని అనుకున్నాను. దేవుడు చెప్పని మాటను దేవుడి పేరు మీద చదివాను. ఇప్పుడు దేవుడు రాస్తుంటే చదవలేకపోతున్నాను. ఇంతకన్నా సరిపోయిన శిక్ష ఇంకేముంటుంది?

అలా అనుకున్న మనిషి సుగుణ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాలి. నేను ఆ పని చేయలేదు. మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాను. మనిషికి చెప్పడం కన్నా కడుపు మాడ్చుకోవడం సులువనిపించింది. ఏమీ తినకుండా షుగర్ టాబ్లెట్ మాత్రం రోజూలాగే వేసుకున్నాను.

రెండో రోజు పదకొండింటికి పప్పు దించుతుండగా చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట పట్టింది. తర్వాత తెలిసేసరికి ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. చేతికి గ్లూకోజ్ ఎక్కుతోంది. పక్కన సునీత కూర్చుని ఉంది. పెద్ద డాక్టర్ వచ్చారు.

"షుగర్ టాబ్లెట్ వేసుకుని పస్తు ఉన్నారా? షుగర్ మరీ పడిపోయింది, హైపోగ్లైసీమియా అంటారు దీన్ని. ఇంకో అరగంట ఆలస్యమైతే కోమాలోకి పోయేవారు. ఎవరు చెప్పారమ్మా మీకు ఉపవాసం ఉండమని?"

నా చూపు ఆయన ముఖానికి పక్కగా పోవడం ఆయన గమనించినట్టున్నారు. ఆయన ఎడమ కన్ను మూయించి, చెయ్యి ఎత్తి ఎన్ని వేళ్ళని అడిగారు. నాకు చెయ్యే సరిగా కనబడలేదు.

"ఈ కంటితో ఎన్నాళ్ళ నుంచి కనబడట్లేదు?"

నాకు తెలియదు. నిజంగానే తెలియదు. ఒక కన్ను పోతుంటే రెండోది దాని పని చేసుకుంటూ పోయింది.

కళ్ళ ఆసుపత్రిలో రెండు రోజులు పరీక్షలు చేశారు. చుక్కల మందు వేసి గంటసేపు కూర్చోబెట్టారు. ఓసీటీ అని ఒక యంత్రం ముందు గడ్డం ఆనించి పచ్చ గీతను చూడమన్నారు. ఆ పచ్చ గీత మధ్యలో తెగిపోయి ఉంది. ఎఫ్ఎఫ్ఏ అని నరానికి పసుపు మందు ఎక్కించి కంటిలోపల ఫోటోలు తీశారు. కళ్ళ డాక్టరమ్మ అనంతపురం వైపు మనిషి. మెల్లగా, అర్థమయ్యేలా చెప్పింది.

"రెండు కళ్ళల్లోనూ డయాబెటిక్ మాక్యులర్ ఎడిమా ఉందమ్మా. షుగర్ వల్ల కంటి వెనక పొర మధ్యలో నీరు చేరింది. చదివేదానికి కావలసింది ఆ మధ్య భాగమే. కుడి కంట్లో ఆలస్యమైపోయింది, స్కార్ పడింది, మానిన పుండు మచ్చలాగా. అది పెద్దగా తిరిగి రాదు. ఎడమ కన్ను కాపాడుకుందాం. నెలకొక ఇంజెక్షన్, కంట్లోకే. భయపడొద్దు, తిమ్మిరి మందు వేస్తాము."

"మళ్ళ చదవొస్తదా మేడం?"

"ఎడమ కంటితో, పెద్ద అక్షరాలు, బహుశా. మాట ఇయ్యలేను. ఇంకేమైనా ఇబ్బంది ఉందా?"

అప్పుడు ఆమె తెల్లకోటు మీద మెడ నుంచి జేబు దాకా అక్షరాలు పాకుతున్నాయి. "ఏం లేదు మేడం" అన్నాను. పిచ్చిదంటారని ఒక భయం. నా పాపం బయటపడుతుందని ఇంకో భయం.

మొదటి ఇంజెక్షన్ నొప్పి లేదు, ఒత్తిడి మాత్రం తెలిసింది. కంటిలోపల నల్లటి బుడగ ఒకటి రెండు రోజులు తేలింది. పది రోజులకు మచ్చ కొంచెం పలచబడింది. సంతోషించాను. ఆ సంతోషం వారం నిలవలేదు. ఒక మధ్యాహ్నం కూరగాయలు కడుగుతుంటే ఎడమ కంట్లో ఎర్రటి దారాలు దిగాయి, తర్వాత పొగలా కమ్ముకుంది. పరుగెత్తుకుని వెళితే, "విట్రియస్ హెమరేజ్. లోపల చిన్న రక్తనాళం చిట్లింది. తల ఎత్తులో పెట్టుకుని పడుకోండి. దానంతట అది తగ్గుతుందేమో చూసి లేజర్ చేద్దాం" అన్నారు.

ఇంట్లో కూర్చున్నాను. అప్పుడు వాళ్ళు వచ్చారు.

పట్టపగలు పన్నెండింటికి. సునీత షాపుకు వెళ్ళింది. ఎదురింటి ప్రహరీ గోడ మీద వరుసగా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. జానెడు ఎత్తు మనుషులు. తెల్లచీరలు, తల మీద ముసుగు, ఆరాధనకు వచ్చినట్టు. ఒక్కొక్కరి చీర కుచ్చిళ్ళు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నారు. ఒళ్ళో పుస్తకాలు తెరిచి పెట్టుకున్నారు. పెదవులు కదలడం లేదు. నా వైపు చూడటం లేదు. వాళ్ళ మధ్యలో ఒక్క మనిషి పట్టేంత ఖాళీ ఉంది. నేను కళ్ళు మూసుకుంటే పోయేవారు. తెరిస్తే అదే వరుస, అదే ఖాళీ. ఒక పిల్లి ఆ గోడ మీద వాళ్ళలోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వాళ్ళు కదలలేదు.

నాలుగు రోజులు వాళ్ళు అదే వేళకు వచ్చారు. నేను కిటికీకి దుప్పటి కట్టాను. అప్పుడు దుప్పటి మీద అక్షరాలు వచ్చాయి.

తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూస్తూ, వేరేగా అడిగింది. "అమ్మా, ఒకటి అడుగుతా. చూపు తగ్గిన వాళ్ళల్లో కొంతమందికి లేనివి కనబడతాయి. మనుషులు, పూలు, గోడల మీద గీతలు, అక్షరాలు. చానామంది చెప్పరు, పిచ్చి అనుకుంటారని. మీకేమైనా..."

ఆమె మాట పూర్తి కాకముందే నేను ఏడ్చేశాను. సునీత బెదిరిపోయింది. అన్నం మీద రాత, రోడ్డు, గోడ మీద ఆడవాళ్ళు, పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న సంగతి, అంతా చెప్పాను. సుగుణ సంగతి మాత్రం చెప్పలేదు.

"వాళ్ళు మాట్లాడతారా?"

"లేదు మేడం."

"అవి నిజం కాదని మీకు తెలుసా?"

"నిజం కాదని తెలుసు. దేవుడు పంపిండేమో అనుకున్న."

ఆమె నవ్వలేదు. "దేవుని సంగతి నాకు తెలియదమ్మా. కన్ను సంగతి తెలుసు. కంటి నుంచి బొమ్మలు రాకపోతే మెదడు ఊరుకోదు, తన దగ్గరున్నవి తీసి తానే చూపిస్తుంది. దీన్ని చార్లెస్ బోనెట్ సిండ్రోమ్ అంటారు. ఇది మనసు జబ్బు కాదు. మీరు కష్టపడి అక్షరాలు నేర్చుకున్నారు కదా, మీ మెదడు వాటినే తీస్తోందేమో." కనబడినప్పుడు కళ్ళు గబగబా ఎడమకూ కుడికీ తిప్పమని, గదిలో లైటు వేసుకోమని చెప్పింది.

ఆటోలో ఇంటికి వస్తున్నాం. తార్నాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాకు నవ్వొచ్చింది. సునీత కూడా నవ్వింది.

"ఇన్ని దినాలు నువ్వొక్కదానివే భయపడ్డవా అమ్మా? నాకు చెప్తే ఏం పోయేది?"

అది తీర్పు కాదు. ఎవరూ నా మీద ఏమీ రాయలేదు. గుండె మీది బండ దిగినట్టయింది. సిగ్నల్ పచ్చగా మారేలోగా ఇంకొక సంగతి తట్టింది. ఆ రాత నా కంటిది. సరే. మరి ఆ రోజు నేను చదివిన మాట? అది ఏ జబ్బూ చదివించలేదు. కన్ను పోయిన వాళ్ళెవరూ దాని వల్ల అబద్ధం చెప్పరు. ఇప్పుడు నన్ను భయపెట్టేవాళ్ళు ఎవరూ లేరు, కాబట్టి నేను చెప్పకపోయినా ఏమీ కాదు. ఏమీ కాదు అన్నది అర్థమయ్యాక నాకు ఆ తెల్లచీరల వరుసను చూసినప్పటి కన్నా ఎక్కువ చలి పుట్టింది.

"ఆటోను క్యాంపస్‌లకు తిప్పమను" అన్నాను.

"ఇప్పుడా? డాక్టర్ పండుకోమన్నరు."

"తిప్పమను బిడ్డా."

మెస్‌లో సాయంత్రం టీ పెడుతున్నారు. సుగుణ స్టూల్ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు.

"సుగుణా, ఆ రోజు మీ అమ్మ గురించి నేను చదివింది వాక్యం కాదు. నాకు అప్పటికే కనబడ్తలేకుండె. నాకు నేనే కల్పించి చెప్పిన. మీ అమ్మ మీద కోపంతోని."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఎవరూ కట్టేయలేదు.

"నాకు డౌటు ఉండె" అంది బాలమ్మ మెల్లగా. "నెలలసంది చూస్తున్న, చదువుతది గాని పేజీ తిప్పది. నాకు చదువు రాదు గదా, అడుగుడెట్ల అని ఊకున్న."

సుగుణ పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది. "అక్కా, 'పోకు' అని నీ నోటితోని చెప్తే నేను ఇనకపోదును. నీతోని కొట్లాడి అయినా పోదును. దేవుడు చెప్పిండన్నవని ఆగిన."

ఆప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నేను ఆ అబద్ధం చదివి అప్పటికి ఆరు వారాలు గడిచాయి.

వాళ్ళమ్మ ఇంకా బతికే ఉంది. డయాలసిస్ చేస్తున్నారు. మాట సరిగా రావడం లేదు. సుగుణ పద్దెనిమిది రోజులు ఆ వార్డులోనే ఉంది. గంజి తాగించింది, తల దువ్వింది. ఎందుకు వదిలేసి పోయావని అడగాలనుకుందట. అడిగేసరికి జవాబు చెప్పే శక్తి ఆమెకు లేదు. ఈ సంగతులన్నీ బాలమ్మ చెబితేనే నాకు తెలిశాయి. పంతొమ్మిదో రోజు ఆ తల్లి చనిపోయింది. మట్టికి నేనూ వెళ్ళాను, వెనక నిలబడ్డాను. సుగుణ నాతో మాట్లాడలేదు.

నాకు ఎడమ కంట్లో రక్తం నెమ్మదిగా కరిగింది. లేజర్ రెండుసార్లు చేశారు. ఇంజెక్షన్లు ఇప్పటికి ఆరు అయ్యాయి. హెచ్‌బీఏ1సీ అనే షుగర్ పరీక్ష మూడు నెలలకోసారి చేస్తున్నారు. కుడి కన్నుతో అంచులు మాత్రమే కనబడతాయి. ఎడమ కంటితో బొటనవేలంత అక్షరాలు చదవగలను. మీరు చదువుతున్న ఈ సంగతంతా కూడా డ్రాయింగ్ షీట్ల మీద మార్కర్‌తో రాస్తున్నాను, షీటుకు నాలుగు వరుసలు. సునీత మళ్ళీ రాసి పెడుతోంది. మెస్‌లో ఇప్పుడు పొయ్యి దగ్గర పని ఇవ్వరు. వెల్లుల్లి వొలుస్తాను, చేతులకు చూపు అక్కర్లేదు.

అక్షరాలు ఇప్పటికీ వస్తాయి. వారానికి ఒకటి రెండుసార్లు. కళ్ళు అటూ ఇటూ తిప్పితే పోతాయి. ఒక్కోసారి తిప్పను. వాటిని చూస్తూ కూర్చుంటాను. నలభై తొమ్మిదేళ్ళ దాకా లోకంలోని బోర్డులన్నీ నాకు ఇలాగే ఉండేవి.

సుగుణ తిరిగి పనిలోకి వచ్చాక చాలా రోజులు మేం పొద్దున ఏమీ చదవలేదు. ఉల్లిగడ్డలు కోసేవాళ్ళం, అంతే. ఒక ఉదయం ఆమె నా సంచిలోంచి బైబిల్ తీసుకుంది. "నేను పది దాకా చదువుకున్న. నీకు చదువుడు ఇష్టమని ఇన్ని దినాలు ఊకున్న. ఇగ నేను చదువుతా, నువ్వు ఇను" అంది. అందులో ప్రేమ ఉందో లేదో నాకు తెలియదు. కానీ నా పక్కనే కూర్చుంది.

"పేజీ తిప్పు, నేను చూస్తుంటా" అంది బాలమ్మ. ముగ్గురమూ నవ్వాం. సుగుణ కొంచెం ఆలస్యంగా నవ్వింది.

మొన్న యేసు ఒక గుడ్డివాడి కళ్ళ మీద చేతులుంచి, నీకేమైనా కనబడుతోందా అని అడిగే భాగం వచ్చింది. అతను వెంటనే అంతా బాగుందని చెప్పడు. మనుషులు కనబడుతున్నారు కానీ నడిచే చెట్లలా ఉన్నారంటాడు. సగమే నయమైందని, నయం చేసేవాడి ముఖం మీదే చెబుతాడు. అప్పుడు ఆయన మళ్ళీ చేతులుంచుతాడు. ఈ భాగం నేను ఎన్నోసార్లు చదివాను, కనబడుతున్న రోజుల్లో. ఆ గుడ్డివాడి ధైర్యం నా చూపుకు ఎప్పుడూ ఆనలేదు.

కాబట్టి ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళకు. రోజూ పొద్దున ఒక కన్ను మూసి కిటికీ ఊచలనో పుస్తకంలో ఒక వరుసనో చూడండి. తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వంగినా, చెరిగినా, లేనిది కనబడినా, ఎలా కనబడిందో అలాగే ఆ రోజే ఇంట్లో ఒకరికి, డాక్టర్‌కు చెప్పండి. "కనబడ్తలేదు" అన్న ఒక్క మాట చెప్పడానికి నాకు ఏడు నెలలు పట్టింది. సుగుణ వాళ్ళమ్మ మాట్లాడగలిగిన ఆరు వారాలు కూడా ఆ ఏడు నెలల్లోనే పోయాయి.